‘టేక్’ పక్కన ఏ మాట పెట్టాలి? తెలుగు క్రియల దారిలో నేర్చుకునే సమగ్ర మార్గదర్శి

ఇంగ్లీషుని కాసేపు పక్కన పెట్టి ‘కొట్టు’ అనే మన మాటని చూడండి. హారన్ కొడతాం, బండికి పెట్రోల్ కొట్టిస్తాం, టైర్లో గాలి కొట్టిస్తాం, కొబ్బరికాయ కొడతాం, ఈత కొడతాం, పరీక్షలో కాపీ కొడతాం, గంటసేపు మీటింగ్‌లో కూర్చుంటే బోర్ కొడుతుంది. వీటిలో నిజంగా దెబ్బ తగిలేది కొబ్బరికాయకే, అయినా మనకి తికమక లేదు, పక్కనున్న మాటని బట్టి ‘కొట్టు’ అర్థం మారిపోతుందని చిన్నప్పుడే ఒంటబట్టేసింది.

‘టేక్’ కూడా ఇలాంటి క్రియే. మన ఇబ్బంది ఏంటంటే, బళ్ళో ‘టేక్ అంటే తీసుకొను’ అని ఒకసారి రాసుకున్నాం, ఇప్పటికీ దాన్నే పట్టుకుని వేలాడుతున్నాం. హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల ఏ స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులో కూర్చున్నా ‘టేక్’తో వచ్చే పదబంధాల లిస్టు చేతికిస్తారు. అకారాది క్రమంలో ఉన్న లిస్టు బట్టీ పడితే వారం తిరక్కుండా మర్చిపోతాం. అందుకే లిస్టుని ఇంకో రకంగా పేర్చాలి: అదే విషయాన్ని తెలుగులో చెప్పేటప్పుడు మన నోటికి ఏ క్రియ వస్తుందో ఆ వరసలో. కింద చెప్పబోయేదంతా అదే.

అడుగు 1: ముందు కర్మని పట్టుకోండి

కర్మ అంటే ఖర్మ కాదు, వ్యాకరణంలో కర్మ. ‘ఫోటో తీశాడు’లో ఫోటో, ‘మాత్ర వేసుకుంది’లో మాత్ర. మాట్లాడేటప్పుడు మనం ముందు క్రియని అనువదించాలని చూస్తాం. అలా కాకుండా ఫోటో, మాత్ర, బస్సు, సెలవు, పరీక్ష అని ముందు వస్తువుని తలుచుకుని, దానికి ఇంగ్లీషులో జోడీ ఎవరు అని అడగండి. భాషాశాస్త్రంలో ఈ జోడీకి కొలొకేషన్ అని పేరు, 1950ల్లో బ్రిటిష్ భాషావేత్త జె.ఆర్. ఫర్త్ వాడాక అది స్థిరపడింది. పేరు గుర్తుండకపోయినా పర్లేదు, జోడీ గుర్తుంటే చాలు.

అడుగు 2: ‘పట్టడం’ అంటే చాలాచోట్ల ‘టేక్’

ఇక్కడినుంచి మొదలుపెట్టమంటాను, ఎందుకంటే తెలుగూ ఇంగ్లీషూ ఇంత దగ్గరగా నడిచే చోటు ఇంకోటి లేదు, కానీ చాలామంది దీన్ని గమనించరు. అమీర్‌పేట నుంచి రాయదుర్గం వెళ్ళడానికి మెట్రోలో దాదాపు 20 నిమిషాలు పడుతుంది అనాలంటే ‘ఇట్ టేక్స్ అబౌట్ 20 మినిట్స్’. ముందు ‘ఇట్’ ఉండాలి, అంతే. అదే ‘నాకు గంట పట్టింది’ అనాల్సి వస్తే మనవాళ్ళు ‘ఫర్ మీ’ అని మొదలుపెట్టి ఇరుక్కుపోతారు. ఆ ‘నాకు’ అనేది క్రియ తర్వాతకి వెళ్తుంది: ‘ఇట్ టుక్ మీ యాన్ అవర్’. ‘ఐ టుక్ యాన్ అవర్’ తప్పు కాదు, కానీ అందులో నేనే నెమ్మదిగా చేశాను అన్న ఛాయ ఉంటుంది. పంజాగుట్ట ట్రాఫిక్‌లో ఆలస్యమైనప్పుడు ఆ నింద మీ మీద ఎందుకు వేసుకోవడం, ‘ఇట్ టుక్ మీ’ అనండి.

టైమ్ ఒక్కటే కాదు. ఈ రిమోట్‌కి ఏ బ్యాటరీ పడుతుంది అంటే ‘వాట్ బ్యాటరీ డజ్ ఇట్ టేక్’. ఈ హాల్లో 500 మంది పడతారు అంటే ‘ద హాల్ టేక్స్ 500 పీపుల్’ అనొచ్చు, ‘హోల్డ్స్’ అన్నా సరే. ఈ పని చేయాలంటే దమ్ముండాలి అన్నప్పుడు తెలుగులో ‘ఉండాలి’ వచ్చినా ఇంగ్లీషులో మళ్ళీ ఇదే: ‘ఇట్ టేక్స్ గట్స్’. ఓపిక కావాలి, ఇద్దరు మనుషులు కావాలి, డబ్బు కావాలి, అన్నిటికీ ఇదే వాక్యం. పనికి ఏది ఖర్చవుతుందో దాన్ని ‘టేక్’ పక్కన పెట్టేయడమే.

‘టేక్ యువర్ టైమ్’ మాత్రం వేరు. అక్కడ తీరిగ్గా చేయండి, తొందర లేదు అని మర్యాదగా చెబుతున్నాం. మన ఆఫీసుల్లో దీనికి ‘ఓన్’ కలిపి ‘టేక్ యువర్ ఓన్ టైమ్’ అంటారు. బయటి దేశాల క్లయింటుకి అది కొంచెం వెటకారంగా వినపడే ప్రమాదం ఉంది. తీసేయండి.

అడుగు 3: ఎక్కడం, వేసుకోవడం, పెట్టడం, రాయడం

బస్సు ఎక్కడం దగ్గర ఒక తేడా ఉంది. సికింద్రాబాద్ నుంచి కొండాపూర్ ఎలా వెళ్తారు అని ఎవరైనా అడిగితే ‘ఐ టేక్ ద బస్’. ఇక్కడ ఏ వాహనంలో వెళ్తారన్నదే ప్రశ్న. కానీ బస్సు ఎక్కుతుంటే కాలు జారింది అనాలంటే అది ఫుట్‌బోర్డు మీద అడుగు పెట్టే పని, కాబట్టి ‘గెట్ ఆన్’. పరిగెత్తుకెళ్ళి అందుకుంటే ‘క్యాచ్’. తెలుగులో మూడిటికీ ‘ఎక్కా’ అనేస్తాం, ఇంగ్లీషులో కుదరదు. మెట్రోకీ ఇదే పద్ధతి, ఆటోకీ క్యాబ్‌కీ మాత్రం ‘గెట్ ఆన్’ బదులు ‘గెట్ ఇన్’. ఎల్బీ నగర్ నుంచి హైటెక్ సిటీ వెళ్ళేవాళ్ళు అమీర్‌పేటలో రెడ్ లైన్ దిగి బ్లూ లైన్ ఎక్కుతారు కదా, ఆ మారడానికి ‘చేంజ్ ఎట్ అమీర్‌పేట్’ అంటే సరిపోతుంది, అక్కడ ‘టేక్’ అక్కర్లేదు.

మాత్ర వేసుకున్నా అంటే ‘ఐ టుక్ ఎ ట్యాబ్లెట్’. సిరప్ తాగినా ‘టేక్’, గొట్టంతో మందు పీల్చినా ‘టేక్’. మందు మింగినా పీల్చినా మనంతట మనం వాడితే అదే క్రియ. ఇంజెక్షన్ ఇంకొకరు వేస్తారు కాబట్టి ‘గాట్ యాన్ ఇంజెక్షన్’ అనడం మేలు. క్లినిక్‌లో బీపీ చూశారు, టెంపరేచర్ చూశారు అన్నదానికి కూడా ‘సీ’ కాదు, ‘ద నర్స్ టుక్ మై బ్లడ్ ప్రెషర్’. చక్కెర వేసుకుంటారా అని అడగాలన్నా ‘డు యూ టేక్ షుగర్’ అనే అంటారు. ఇరానీ హోటల్లో ఈ ప్రశ్నకి చోటు లేదనుకోండి, చక్కెర కలిపే ఇస్తారు, మీ ఇష్టంతో పని లేదు. చొక్కా వేసుకోవడం, చెప్పులు వేసుకోవడం ఈ లెక్కలోకి రావు, వాటికి ‘పుట్ ఆన్’ ఉంది.

సెలవు పెట్టా అంటే ‘టుక్ లీవ్’, లేకపోతే ‘టుక్ ఎ డే ఆఫ్’. ‘ఐ పుట్ లీవ్’ అంటే మన మేనేజర్‌కి అర్థమవుతుంది, ఎందుకంటే ఆయన కూడా తెలుగులోనే ఆలోచిస్తున్నాడు. లీవ్ అప్లై చేశా అనేటప్పుడు మధ్యలో ‘ఫర్’ మరవకండి.

ఇక పరీక్ష. మన ఊళ్ళో దీని కథే వేరు. తెలుగువాళ్ళు పరీక్ష రాస్తారు, కాబట్టి ‘రైట్ ద ఎగ్జామ్’ అంటారు. ఉర్దూ, హిందీ మాట్లాడే ఫ్రెండ్సు ఇంతెహాన్ ఇస్తారు, కాబట్టి ‘గివ్ ద ఎగ్జామ్’ అంటారు. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే పేపర్ చేసొస్తారు. ఇంగ్లీషులో విద్యార్థి చేసేది ‘టేక్’, బ్రిటన్‌లో ‘సిట్’ కూడా వాడతారు. ‘రైట్’ అనడం కెనడా, దక్షిణాఫ్రికాల్లోనూ ఉంది, కాబట్టి అది మరీ పరాయి ప్రయోగం కాదు. అసలు గొడవంతా ‘గివ్’తోనే. అమెరికా యూనివర్సిటీలో ‘ఐ గేవ్ యాన్ ఎగ్జామ్’ అంటే మీరు పరీక్ష పెట్టిన ప్రొఫెసర్ అనుకుంటారు. జీఆర్ఈ, ఐఈఎల్‌టీఎస్ రాసి నానక్‌రామ్‌గూడలో ఉన్న అమెరికన్ కాన్సులేట్‌కి వీసా ఇంటర్వ్యూకి వెళ్ళేవాళ్ళు ఈ ఒక్క జోడీ అయినా నోట్లో సరిచేసుకుని వెళ్ళడం మంచిది: ‘ఐ టుక్ ద జీఆర్ఈ’.

క్లాస్ దగ్గరా ఇదే తిరకాసు. ఇక్కడ ‘ఐ టేక్ క్లాసెస్’ అంటే మేష్టారు, పాఠాలు చెబుతారని అర్థం. బ్రిటిష్ ఇంగ్లీషులో కూడా అలా చెల్లుతుంది. అమెరికన్ చెవికి మాత్రం మీరు విద్యార్థి అయిపోతారు. ట్రైనర్ ఉద్యోగాల ఇంటర్వ్యూలో ‘ఐ టీచ్’ అనేస్తే ఏ గొడవా ఉండదు.

అడుగు 4: ‘తీయడం’ని రెండుగా చీల్చండి

ఫోటో తీయడం, స్క్రీన్‌షాట్ తీయడం, ప్రాణం తీయడం, వీటికి ‘టేక్’ సరిపోతుంది. ఏటీఎంలో డబ్బులు తీయడానికి ‘టేక్ అవుట్’ కావాలి, లేకపోతే ‘విత్‌డ్రా’. సినిమా తీయడం ‘మేక్’, తలుపు తీయడం ‘ఓపెన్’, గొయ్యి తీయడం ‘డిగ్’. తలుపు దగ్గర ఎవరూ పొరపాటు పడరు కానీ సినిమా దగ్గర పడతారు. ఫిలింనగర్‌లో ‘హీ టుక్ త్రీ మూవీస్’ అని అలవోకగా అనేస్తుంటారు. అది వింటే మూడు సినిమాలు ఎవరి దగ్గర్నుంచో పట్టుకెళ్ళాడేమో అనిపిస్తుంది.

ఫోటో విషయంలో మన తెలుగు చాలా తెలివైంది. తీసినవాడు ‘తీశాడు’, కెమెరా ముందు నిలబడ్డవాడు ‘దిగాడు’. చార్మినార్ దగ్గర ఫోటో దిగాం అని ఇంగ్లీషులో చెప్పాలంటే, సెల్ఫీ అయితే ‘వి టుక్ ఎ ఫోటో’. ఇంకొకరి చేత తీయించుకుంటే ‘వి హ్యాడ్ అవర్ ఫోటో టేకెన్’. ఈ రెండో వాక్యం కొత్తగా అనిపిస్తే దాన్ని ‘తీయించుకోవడం’ అనే డబ్బాలో పెట్టుకోండి. ఎక్స్‌రే తీయించుకున్నా, కొలతలు తీయించుకున్నా, అన్నిటికీ ఇదే ఫ్రేమ్: ముందు ‘హ్యాడ్’, మధ్యలో వస్తువు, చివర ‘టేకెన్’.

అడుగు 5: ‘తీసుకోవడం’ ఒక ఉచ్చు

నోటికి తేలిగ్గా వచ్చేది ఇదే, దెబ్బతీసేదీ ఇదే. తెలుగులో ‘తీసుకోవడం’ చాలా పనులు చేస్తుంది, అందులో కొన్ని మాత్రమే ‘టేక్’ పనులు. ‘కోఠిలో నాలుగు పుస్తకాలు తీసుకున్నా’ని ‘ఐ టుక్ ఫోర్ బుక్స్’ అంటే డబ్బులివ్వకుండా పట్టుకొచ్చారేమో అని అనుమానం వస్తుంది. అలా అని ‘తీసుకోవడం’ కనిపించినచోటల్లా భయపడితే నోరు పెగలదు.

నేను చెప్పే పరీక్ష ఇది. ‘తీసుకున్నా’ తీసేసి ఆ చోట వేరే తెలుగు క్రియ పెట్టి చూడండి. ‘కొన్నా’ సరిపోతే ‘బై’: చీర, ఫోన్, టికెట్, ఫ్లాట్. ‘దొరికింది’, ‘వచ్చింది’ లాంటివి సరిపోతే ‘గెట్’: పర్మిషన్, అడ్మిషన్, అపాయింట్‌మెంట్, హెల్ప్, జీతం. ‘తిన్నా’, ‘తాగా’ సరిపోతే ‘హ్యావ్’: కాఫీ, టిఫిన్, లంచ్. ఇంటికొచ్చిన అతిథితో ‘తీసుకోండి, తీసుకోండి’ అని మర్యాద చేస్తాం కదా, దాన్ని ‘టేక్, టేక్’ అంటే మొరటుగా ఉంటుంది, ‘ప్లీజ్ హ్యావ్ సమ్’ అనండి. మందులు ఒక్కటే ఇక్కడ మినహాయింపు, వాటి సంగతి పైనే చూశాం. ఈ మూడిటిలో ఏదీ అతకకపోతే అప్పుడు ధైర్యంగా ‘టేక్’ వాడేయండి: రిస్క్, రెస్పాన్సిబిలిటీ, రివెంజ్, చాన్స్, లెఫ్ట్, యూటర్న్, బ్రేక్.

సలహా దగ్గర ఈ పరీక్ష రెండు జవాబులిస్తుంది, రెండూ నిజమే. ‘ఐ గాట్ సమ్ అడ్వైస్ ఫ్రమ్ హిమ్’ అంటే ఆయన సలహా చెప్పాడు, విన్నా. ‘ఐ టుక్ హిజ్ అడ్వైస్’ అంటే విని పాటించా కూడా. లోన్‌కి ‘గెట్’ బాగుంటుంది, ‘టేక్ అవుట్’ కూడా బాగుంటుంది. నిర్ణయానికి ‘టేక్ ఎ డెసిషన్’ తప్పని కొందరు ట్రైనర్లు ఎర్రసిరాతో కొట్టేస్తారు. ఆ పట్టుదల నాకు నచ్చదు. బ్రిటిష్ ఇంగ్లీషులో అది చెల్లుబాటయ్యే మాటే, అమెరికన్లు ‘మేక్’ అంటారు, ఎవరితో మాట్లాడుతున్నారో చూసుకుని వాడుకోండి.

‘టెన్షన్ తీసుకోకు’ మాత్రం పూర్తిగా మనది. ‘డోంట్ టేక్ టెన్షన్’ హైదరాబాద్‌లో అందరికీ అర్థమవుతుంది, నాక్కూడా ఆ మాటంటే ఇష్టమే, కానీ లండన్‌లో ‘డోంట్ వర్రీ’ అనాలి. ‘తప్పుగా తీసుకోకండి’ని మనం ‘డోంట్ టేక్ ఇట్ అదర్‌వైజ్’ అంటాం. అక్కడ క్రియ బాగానే ఉంది, చివరి మాటే మారాలి: ‘డోంట్ టేక్ ఇట్ ద రాంగ్ వే’.

తీసుకురావడం, తీసుకెళ్ళడం గురించి బెంగ వద్దు. ‘రా’ ఉంటే ‘బ్రింగ్’, ‘వెళ్ళు’ ఉంటే ‘టేక్’. ‘మీ ఇంటికి స్వీట్లు తీసుకొస్తా’ అని ఫోన్లో అంటే ఇంగ్లీషులో కూడా ‘బ్రింగ్’, ‘గొడుగు తీసుకపో’ అంటే ‘టేక్ యాన్ అంబ్రెల్లా’. ఈ విషయంలో తెలుగు చెవిని నమ్మొచ్చు.

అడుగు 6: చిన్న మాటలు అర్థాన్నే మార్చేస్తాయి

క్రియా కర్మా కుదిరాక వాటి మధ్యలో ‘ఎ’ ఉందా, ‘ద’ ఉందా, ఏమీ లేదా అన్నది చూడాలి. ఇది సోకు కోసం కాదు. ‘టేక్ ప్లేస్’ అంటే జరగడం, ‘టేక్ యువర్ ప్లేస్’ అంటే మీ చోట్లో కూర్చోవడం. ‘టేక్ పార్ట్’ అంటే పాల్గొనడం, మధ్యలో ‘ఎ’ పడితే నాటకంలో వేషం ఒప్పుకున్నట్టు వినిపిస్తుంది. ‘టేక్ ఎ స్టాండ్’ అంటే ఒక వైఖరి తీసుకోవడం, ‘టేక్ ద స్టాండ్’ అంటే కోర్టులో సాక్షి బోనెక్కడం. ‘టేక్ ఎ సీట్’ అంటే కూర్చోండి, ‘టేక్ ద చెయిర్’ అంటే సభకి అధ్యక్షత వహించండి. తెలుగులో ఇలాంటి చిన్న మాటలు లేవు కాబట్టి చెవి వీటిని వదిలేస్తుంది. జోడీ రాసుకునేటప్పుడే ఆ ‘ఎ’ని కూడా కలిపి రాసుకోండి.

వెనక వచ్చే మాట కూడా అంతే. ‘టేక్ కేర్ ఆఫ్’, ‘టేక్ పార్ట్ ఇన్’, ‘టేక్ రెస్పాన్సిబిలిటీ ఫర్’, ‘టేక్ ప్రైడ్ ఇన్’, ‘టేక్ పిటీ ఆన్’. వీటికి తర్కం వెతకడం టైమ్ వేస్ట్, గట్టిగా చదివి నోటికి పట్టించడమే.

ఇంకో రకం జోడీలున్నాయి: ‘టేక్ ఎ లుక్’, ‘టేక్ ఎ వాక్’, ‘టేక్ ఎ న్యాప్’. వీటిలో ‘టేక్’కి సొంత బరువేమీ ఉండదు, పనంతా పక్కనున్న నామవాచకానిదే. డెన్మార్క్ భాషావేత్త ఓటో యెస్పర్సన్ ఇలాంటి క్రియల్ని ‘లైట్’ అన్నాడు. ఇంత తేలికైన మాట ఇన్ని చోట్లకి ఎలా పాకిందంటే, అసలిది ఇంగ్లీషు పుట్టింటిది కాదు, వైకింగుల నార్స్ భాష నుంచి దాదాపు వెయ్యేళ్ళ కిందట వచ్చింది. అప్పటికి ఇంగ్లీషులో ఆ పనికి ‘నిమన్’ అనే సొంత మాట ఉండేది, వచ్చినది దాన్ని గెంటేసి దాని పనులన్నీ చేజిక్కించుకుంది. పాత మాట తాలూకు ముక్క ‘నమ్’లో మిగిలింది. కాలు తిమ్మిరెక్కితే అంటామే, ఆ ‘నమ్’. స్పర్శ లాగేసుకున్నట్టు అని దాని మొదటి అర్థం.

అడుగు 7: ‘ఆఫ్’, ‘ఓవర్’, ‘ఆఫ్టర్’

ఇదొక పెద్ద అడవి, ఇప్పుడే లోపలికి పోవద్దు. రోజూ పనికొచ్చేవి కొన్ని చాలు. గుడి బయట చెప్పులు విప్పడం ‘టేక్ ఆఫ్’. శంషాబాద్‌లో విమానం లేచినా ‘టేక్ ఆఫ్’ అనే అంటారు, కానీ అక్కడ కర్మ ఉండదు. ‘టేక్ ఓవర్’ అంటే బాధ్యతలు చేతిలోకి తీసుకోవడం, ‘టేక్ ఆఫ్టర్’ అంటే నాన్న పోలికో అమ్మ పోలికో రావడం. ఒక్క నియమం మాత్రం వదలొద్దు: చెప్పులు అనే మాట ‘ఆఫ్’కి ముందూ రావచ్చు, వెనకా రావచ్చు, కానీ ‘అవి’ అంటే మధ్యలోనే రావాలి. ‘టేక్ దెమ్ ఆఫ్’, అంతే.

అడుగు 8: అనుమానం వస్తే చూసుకునే పద్ధతి

డిక్షనరీలో క్రియని కాకుండా నామవాచకాన్ని వెతకండి. ‘టేక్’ కింద చూస్తే అర్థాల కొండ ఎదురవుతుంది, అదే ‘పర్మిషన్’ కింద చూస్తే దాని పక్కన ఏ క్రియలు నిలబడతాయో ఉదాహరణల్లోనే కనిపిస్తాయి. విద్యార్థుల కోసం చేసిన లెర్నర్స్ డిక్షనరీలు ఆన్‌లైన్‌లో ఉచితంగానే ఉన్నాయి, మామూలు ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు ఈ పనికి చాలదు. రెండు జోడీల్లో ఏది ఎక్కువ వాడకంలో ఉందో తెలియాలంటే గూగుల్ ఎన్‌గ్రామ్ వ్యూయర్‌లో రెండిటినీ కామాతో విడదీసి కొట్టండి. అమెరికన్, బ్రిటిష్ పుస్తకాలని విడివిడిగా ఎంచుకునే వీలుంది. ‘టేక్ ఎ డెసిషన్’ని, ‘మేక్ ఎ డెసిషన్’ని అలా పోల్చి చూడండి, పైన చెప్పింది మీ కళ్ళకే కనపడుతుంది.

రోజూ రాత్రి ఆ రోజు మీరు నిజంగా అన్న తెలుగు వాక్యాలు కొన్ని రాసుకోండి. పట్టింది, ఎక్కా, వేసుకున్నా, పెట్టా, తీశా, తీసుకున్నా, వీటిలో ఏదో ఒకటి ప్రతి వాక్యంలో ఉండాలి. పక్కనే ఇంగ్లీషు రాయండి. ఊహించి రాసిన వాక్యాలైతే గుర్తుండవు, మీ బస్సూ మీ మాత్రా మీ లీవూ అయితేనే గుర్తుంటాయి. గతంలో జరిగినవి కాబట్టి ఎక్కువగా ‘టుక్’ వస్తుంది, దాన్ని పొట్టిగా పలకాలి, ‘టూక్’ అని సాగదీయకండి.

దీని తర్వాత వెంటనే ‘గెట్’ మీదకి దూకొద్దు. దాని వెనక నామవాచకాలే కాదు, విశేషణాలు కూడా వచ్చి చేరతాయి, ఇప్పుడు చెప్పిన పద్ధతి దానికి సగమే పనికొస్తుంది. ముందు ‘మేక్’, ‘డూ’ చేయండి. తెలుగులో రెండూ ‘చేయడం’ కిందే వస్తాయి కాబట్టి అక్కడ మళ్ళీ అడుగు 5లో చేసినట్టే వేరే క్రియ పెట్టి విడగొట్టాలి: ‘తయారుచేశా’ అంటే సరిపోయే చోట ‘మేక్’, సరిపోని చోట ఎక్కువగా ‘డూ’.